నారబట్ట కప్పుకున్న ఎద్దు

డిసెంబరు 21, ఆదివారం

సంతలో ఉప్పు, అల్లం, రెండు ప్లాస్టిక్ పట్టాలు కొన్నాను. అక్షరాల క్లాసు టీచరమ్మ రోజూ ఒక్క వాక్యమైనా రాయమంది. రాయకపోతే నేర్చుకున్న అక్షరాలు ఎటో పోతాయట. నలభై దగ్గర పడ్డాక వచ్చినవి, పోతే మళ్ళీ నా మొహం చూడవు. అందుకని మా అమ్మాయి సగం వాడి వదిలేసిన లెక్కల పుస్తకంలో వెనక నుంచి రాస్తున్నాను. ఇది ఎవరూ చదవరు. అమ్మాయి హాస్టల్లో ఉంది. అత్తకు అక్షరం ముక్క రాదు. కాబట్టి నా ఇష్టం వచ్చింది రాసుకోవచ్చు.

మొదటి పాఠం, ఇంట్లో ఎవరెవరున్నారో రాయాలి. సరే.

మా అత్త. డెబ్భై ఆరేళ్ళు. చలి మొదలైనప్పటి నుంచి పొయ్యి పక్కనుంచి లేవదు. నోరు మాత్రం ఇల్లంతా తిరుగుతుంది. మా ఆయన, పేరు మీ చా. హనోయ్ దగ్గర కట్టడం పనికి వెళ్ళాడు, ఫిబ్రవరిలో మా కొత్త సంవత్సరం పండక్కి వస్తాడు. కోళ్ళు ఏడు. కుక్క ఒకటి, మొండితోకది. నేను, సువా, సుంగ్ ఇంటి ఆడపిల్లని, వాంగ్ ఇంటి కోడల్ని.

ఎద్దు. దానికి పేరు లేదు. అది అత్త వెంట వెళ్ళాల్సిన ఎద్దు. అత్త పోయిన రోజున దాన్ని కోసి ఆమెతో పంపిస్తారు. కొడుకు ఇచ్చిన ఎద్దు ముందు నడిస్తేనే అవతలి దారిలో ఆమె తలెత్తుకుని వెళ్తుంది. మామ పోయినప్పుడు మొక్కజొన్న పండని ఏడు. ఒక్క పందితో పంపించారు. అప్పటి నుంచీ అత్త మనసులో ఒకటే బాధ. మామ అక్కడ రాళ్ళ చేలో ఎద్దు లేక, నాగలి తాడు భుజానికి కట్టుకుని తానే లాగుతున్నాడని. తాను వెళ్ళేటప్పుడు ఎద్దుని తోలుకెళ్ళి ఆ తాడు విప్పాలని. మా ఆయన మాట ఇచ్చాడు. నాలుగేళ్ళ కిందట దూడని కొనుక్కొచ్చాడు.

అలాంటి ఎద్దుకు మా ఇంట్లో పేరు పెట్టరు. పేరు పెడితే ఇంటి మనిషైపోతుంది, ఇంటి మనిషిని కొయ్యలేం. నేనూ పెట్టలేదు. ఎద్దు అనే అంటాను.

డిసెంబరు 22

కొట్టం గోడల సందుల్లో చొప్ప కుక్కాను. చేతులు పగిలాయి.

డిసెంబరు 25

పొద్దున లేచేసరికి రాళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి. ఉప్పు చల్లినట్టుంది. ఇంత తొందరగా మంచు ఎప్పుడూ పడలేదు. గడ్డి కొయ్యడానికి లోయ దాకా దిగి, మోపు వీపున వేసుకుని ఎక్కాను. మా ఊళ్ళో పశువులు మేతకు వెళ్ళవు, రాళ్ళలో ఏం మేస్తాయి, మేత మా వీపుల మీద వాటి దగ్గరికి వస్తుంది. నాలుగేళ్ళుగా ఆ ఎద్దు తిన్నదంతా నా వీపు మీద వచ్చిందే.

మా ఆయన ఫోన్ చేశాడు.

"ఎద్దెట్లా ఉంది?"

"బానే ఉంది."

"అమ్మ?"

"బానే ఉంది, తిడతా ఉంది."

"కుక్కా, కోళ్ళూ?"

"అన్నీ బానే ఉన్నాయి. ఇంకెవరి గురించైనా అడగాలా?"

"పొయ్యిలో కట్టెలున్నాయా?" అన్నాడు. ఈ మనిషికి పదహారేళ్ళుగా వండి పెడుతున్నాను.

డిసెంబరు 28, ఆదివారం

పక్కింటి దో వాళ్ళ ఆవు దూడ చలికి పోయింది. దో ఏడవలేదు. సంతకు వెళ్ళే దారిలో నన్ను పట్టుకుని ఎగతాళి మొదలుపెట్టింది.

"ఏమే సువా, మీ ఎద్దుకి పొద్దున జావ, మధ్యాహ్నం జావ అంట! అల్లం కూడా వేస్తున్నావంట కదా. మీ ఆయనకెప్పుడన్నా వేశావా?"

"మా ఆయన చలికి వణకడే. దున్నపోతు."

"ఎద్దుని ఎద్దులాగా చూడు. ఎట్లాగూ కోసేదే కదా."

కోసేదే. నాకు తెలియదా? అత్త కోసమే చూస్తున్నాను. ఆ ఎద్దు ఈ చలికి పోతే అత్త ఏ ధైర్యంతో వెళ్తుంది? అందుకే జావ. అందుకే అల్లం. అంతకంటే ఏమీ లేదు.

డిసెంబరు 30

అత్తకు దగ్గు. ఎద్దుకు జావ కాచిన కుండలోనే కాస్త తీసి, అల్లం దంచి అత్తకు ఇచ్చాను. "ఇది ఎద్దు జావ కదే" అంది. "దానికి ఉప్పు తక్కువ వేశాను, మీకు ఎక్కువ వేశాను" అన్నాను. తాగింది.

ఇవాళ ఒక సంగతి తట్టింది. అత్త ఈ చలికాలం దాటకపోతే ఎద్దు కూడా దాటదు. ఎద్దు దాటకపోతే అత్త దిగులుతోనే పోతుంది. ఇద్దరిలో ఎవరికి ముందు జావ పోయాలో తెలియక కాసేపు గరిటె పట్టుకుని నిలబడ్డాను.

జనవరి 3

నిన్నటి నుంచి వాన. వాన అనకూడదేమో, పడీ పడగానే గడ్డకడుతోంది. కోళ్ళని బుట్టల కింద పెట్టి అటక మీదికి ఎక్కించాను. కుక్కని ఇంట్లోకి పిలిస్తే రాలేదు. కొట్టంలో ఎద్దు కడుపుకు ఆనుకుని పడుకుంది. రెండూ ఒకదానికొకటి కుంపటి.

గోనెసంచులు ఆరు తీసి దబ్బనంతో కలిపి కుట్టి ఎద్దుకు దుప్పటి చేశాను. మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, గంగడోలు కింద తాడు కట్టాను. కొట్టం తలుపు సందు కూడా మూసేశాను. గాలి చొరబడకుండా. చూస్తే సంతకు బయల్దేరిన ముసలావిడలా ఉన్నాడు. నవ్వొచ్చింది. "కదలకు తమ్ము

ఇక్కడ ఒక మాట రాసి కొట్టేశాను.

జనవరి 5

గోనెలన్నీ తడిసిపోయాయి. పట్టా కింద ఒంట్లోంచి వచ్చిన ఆవిరికే తడిసి ముద్దయ్యాయి. పొయ్యి మీద ఆరబెడితే పొగ, వాసన, ఆరేది లేదు. నా దుప్పటి తీసి కప్పాను, పొద్దునకల్లా అదీ తడి. ఇంట్లో ఇంకో దుప్పటి అత్త మీద ఉంది. అది తీసేది లేదు.

చెవులు పట్టుకుని చూశాను. చల్లగా ఉన్నాయి.

పెట్టెలో అత్త నారబట్ట ఉంది. ఆమె చేత్తో నార తీసి, వడికి, ఎనిమిది బారలు నేసుకున్నది. పోయినప్పుడు కట్టుకోవడానికి. ఆ బట్ట ఉంటేనే అవతల ముత్తాతలు మనవాళ్ళే అని గుర్తుపట్టి పిలుస్తారు. ఇంట్లో అంత మందమైన బట్ట ఇంకోటి లేదు. మూడు మడతలు వేస్తే చలి దూరదు.

అత్త కునుకు తీస్తుంటే తీశాను. పట్టా తీసేసి, ఒళ్ళు పొడిగా తుడిచి, కప్పాను. ఒక్క రోజుకే. గోనెలు ఆరేదాకా.

జనవరి 6

గోనెలు ఆరలేదు. ఇంకొక్క రోజు.

జనవరి 7

బాగానే ఉన్నాడు. జావ సగం వదిలేశాడు, అంతే. నెమరు వెయ్యట్లేదు, అయినా బాగానే ఉన్నాడు.

జనవరి 8

పొద్దున వెళ్ళేసరికి పడుకుని ఉన్నాడు. లేవలేదు. కుక్క తల దగ్గర కూర్చుని నన్ను చూసి ఒక్కసారి మొరిగి ఊరుకుంది. పక్కింటికి పరుగెత్తాను. దో, దో మొగుడు వచ్చి, కడుపు కింద కర్ర పెట్టి ముగ్గురం ఎత్తబోయాం. ముందు కాళ్ళు మడతపడిపోతున్నాయి.

మధ్యాహ్నం పశువుల డాక్టరు మోటారు సైకిలు కిందే వదిలి నడిచి వచ్చాడు. ఏమేం కప్పానో అన్నీ అడిగి, సూది వేశాడు. తిట్టాడు.

"తడి ఒంటి మీద ప్లాస్టిక్ కప్పి, తలుపులన్నీ మూసేస్తే ఎట్లా అక్కా? కింద ఆవిరి, పైన మంచు. తలుపు పైసందు తెరిచిపెట్టు, గాలాడాలి. కింద పొడి చొప్ప మందంగా వెయ్యి. రెండు గంటలకోసారి ఇంకో పక్కకి తిప్పు. నెగడు బయట వెయ్యి, లోపల కాదు. గోరువెచ్చగా జావ పట్టించు."

"లేస్తాడా?"

"మూడు రోజుల్లో లేస్తే లేచినట్టు."

వెళ్ళబోతూ ఎద్దు మీది బట్ట పట్టుకుని చూశాడు. "ఇదేంటి, ఇంత మంచి నారబట్ట?" అన్నాడు. ఆయన కింది ఊళ్ళవాడు. ఆయనకు తెలియదు. దోకి తెలుసు. ఆమె చూపు నా మీద పడింది. దో ఏమీ అనకపోయేసరికి నాకు భయం వేసింది.

ఆవిరీ, మంచూ అని డాక్టరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కానీ పోయినవాళ్ళ బట్ట బతికున్నవాడికి కప్పింది నేను. అవతలివాళ్ళు ఆ బట్ట చూసి, మనవాడే వచ్చాడని పిలిచి ఉంటే?

జనవరి 9

అత్త పొద్దున్నే దగ్గుతూ, "నా బట్ట తియ్యవే, ఒకసారి చూసుకుంటా" అంది.

"పెట్టె తాళం చెవి మీ అబ్బాయి పట్టుకుపోయాడు."

"ఆ పెట్టెకి తాళమే లేదు కదే."

కూర్చుండిపోయాను. చెప్పేశాను. ఎద్దు పడిపోయిందనీ చెప్పాను, నిన్నటి నుంచీ అదీ దాస్తున్నాను కదా.

అత్త పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకంటే ముందు వాడికి తొడిగావన్నమాట" అంది. అంతే.

సాయంత్రం మా మామ తమ్ముడు వచ్చాడు. ఆయన పేరు మీ పో, నేను మీ పో మామ అంటాను. పోయినవాళ్ళకు దారి చెప్పి, వెదురు గొట్టాల బుర్రసన్నాయి ఊది పంపేది ఆయనే. కొట్టంలోకి తొంగి చూసి, బట్ట చూసి, తల అడ్డంగా ఊపాడు.

"వాడు దారిలో పడిపోయాడు సువా. ఇక వెనక్కి రాడు. ఊపిరి ఉండగానే అమ్మేస్తే నయం. చచ్చాక ఎవడూ కొనడు. ఎండలు రాగానే ఇంకో దూడని తెచ్చుకోండి, వదిన పేరు మీద."

ఆయనే మా ఆయనకు ఫోన్ కలిపి చెప్పేశాడు. మా ఆయన నాతో మాట్లాడాడు.

"ఆదివారం సంతకొచ్చే పశువుల బండి అతన్ని ఇంటికే రమ్మని చెప్పా. ఇచ్చెయ్ సువా."

"డాక్టరు మూడు రోజులన్నాడు."

"లేవకపోతే? అమ్మకేం మిగులుద్ది? ఇంకో దూడకైనా దారి ఉండాలి కదా. నేను మాటిచ్చా."

"నీ మాట నువ్వు హనోయ్‌లో ఇటుకలు మోస్తా నిలబెట్టుకుంటున్నావ్. ఇక్కడ మోసింది నేను."

ఇంతకు ముందెప్పుడూ ఇలా అనలేదు. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. ఎద్దు కోసం కాదు. పొగకి.

జనవరి 10

రాయాలి. ఇవాళ్టిది మర్చిపోకూడదు.

మధ్యాహ్నం జావ పట్టుకుని కొట్టంలోకి వెళ్ళాను. తల ఒళ్ళో పెట్టుకుని వెదురు గొట్టంతో కొంచెం కొంచెం పోస్తున్నాను. సగం పక్కనుంచి కారిపోతోంది. ఏదేదో చెప్తున్నాను వాడికి. రేపు బండి వస్తుందని మాత్రం చెప్పలేదు.

వెనక కర్ర చప్పుడు. అత్త. నెల రోజులుగా పొయ్యి వదలని మనిషి, ఆ మంచు రాళ్ళ మీద, గోడ పట్టుకుని పట్టుకుని వచ్చేసింది. ఒంటి మీద ఉన్న దుప్పటి తెచ్చి ఎద్దు మీద పడేసింది. ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది.

"వీడి పేరేంటే?" అంది.

"పేరేంటత్తా? ఎద్దుకి పేరెక్కడ పెట్టాం?"

"నాకు చెవులు పని చేస్తాయి. నాలుగేళ్ళ నుంచి గోడ ఇవతల కూర్చుని వింటున్నా. పొద్దున ఓ మాట, సాయంత్రం ఓ మాట. దో వాళ్ళాయన తాగొచ్చాడని కూడా వీడికే చెప్తావు. ఏమని పిలుస్తావో చెప్పు."

ఇంకో గుక్క జావ పోశాను. పుస్తకంలో కూడా కొట్టేసిన మాట.

"చెప్పవే. పేరు లేకుండా ఆత్మని ఎట్లా పిలుస్తా? ఎవరొచ్చినట్టో వాడికెట్లా తెలుస్తుంది?"

అప్పుడు అర్థమైంది, ఆమె చేతిలో గిన్నె ఎందుకుందో. గిన్నెలో బియ్యం, దాని మీద గుడ్డు, అగరుబత్తి. జబ్బు చేసి బెదిరిన మనిషికి ఆత్మని ఇంటికి పిలిచేటప్పుడు పెట్టేవి. ఎద్దుకు ఎవరూ పెట్టరు.

"తమ్ముడూ అంటాను" అన్నాను.

మా అమ్మకు ముగ్గురం ఆడపిల్లలమే. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి, అక్కా ఎట్లా ఉన్నావని గుమ్మంలోకి వచ్చి అడిగేవాడు నాకెవరూ లేడు. వీడు దూడగా వచ్చిన రోజు, నన్ను చూసి తల ఊపాడు. అంతే. నేనేం ఆలోచించి పెట్టలేదు. నోటికొచ్చేసింది. పేరు కాదులే, పిలుపే కదా అని నన్ను నేను నమ్మించుకున్నాను.

అత్త గిన్నెలో గుడ్డు సర్దింది. "తమ్ముడా!" అంది. "అయితే సుంగ్ ఇంటి అబ్బాయి."

మీ పో మామని పిలిపిస్తానన్నాను. ఆయన అప్పటికే గోడ అవతల నుంచి చూస్తున్నాడు.

"ఎద్దుకి పిలుపేంటి వదినా? నలుగురూ నవ్విపోతారు!"

"నవ్వనియ్యి. నవ్వితే ఒళ్ళు వేడెక్కుద్ది. నువ్వు కూడా కాస్త నవ్వు, మంచుకి బిగుసుకుపోయావు."

"అది కాదు. పేరు పెట్టి పిలిచావంటే ఇంట్లో కలిపేసుకున్నట్టు. ఇక వాణ్ని నీ వెంట పంపలేం. ఆలోచించుకో. అన్న ఒక్కడూ..."

"ఆలోచించే వచ్చా. నిన్నటి నుంచీ ఆ పొయ్యి దగ్గర ఇంకేం చేశాననుకున్నావ్?"

గుమ్మంలో నిలబడింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది, రెండో చేత్తో గిన్నె. గొంతు మాత్రం దగ్గు లేకుండా వచ్చింది.

"రా నాయనా రా. సుంగ్ ఇంటి అబ్బాయీ, సువా తమ్ముడూ, ఇంటికి రా. రాళ్ళ సందులో ఇరుక్కున్నావా, మంచులో దారి తప్పావా, వెనక్కి తిరిగి రా. ఆ బట్ట నాది. ఆ పిలిచేవాళ్ళు నన్ను పిలుస్తున్నారు, నిన్ను కాదు. నా వంతు వచ్చినప్పుడు నేనే వస్తానని చెప్పి వచ్చెయ్యి. ఇక్కడ నిప్పుంది. జావ ఉంది. అక్క ఉంది. రా నాయనా, ఇంటికి రా."

మూడుసార్లు పిలిచింది. తర్వాత లోపలికి వచ్చి, తెల్ల దారం తీసి, వాడి కొమ్ముకు కట్టింది. మామూలుగా మణికట్టుకు కడతారు. "వీడికి మణికట్టు ఎక్కడుందో నాకేం తెలుసు" అంది. ఇంకో దారం నా చేతికి కట్టింది. మీ పో మామ గోడ దిగి వచ్చి, తానూ ఒక దారం తీసి రెండో కొమ్ముకు కట్టాడు.

నాకు ఎలా ఉందో రాయడం రావట్లేదు. అక్షరాలు ఉన్నాయి, సరిపోవట్లేదు.

జనవరి 11, ఆదివారం

వాడు లేవలేదు. మూడో రోజు ఇవాళే.

బండతను పొద్దున్నే వచ్చాడు. ఇద్దరు మనుషులు, తాళ్ళు, చెక్క. అత్త అప్పటికే కొట్టం గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది, ఆరిన నా దుప్పటి ముసుగేసుకుని, చేతిలో కర్రతో. నెగడు పక్కనే మండుతోంది.

"ఎద్దెక్కడవ్వా?"

"ఎద్దు లేదు. మా కోడలి తమ్ముడొచ్చాడు. ఒంట్లో బాగోక పడుకున్నాడు, లేపొద్దు."

బండతను లోపలికి తొంగి చూశాడు. నన్ను చూశాడు. నేను తలొంచుకుని చొప్ప సర్దుతున్నాను.

"అవ్వా, మీ అబ్బాయే రమ్మన్నాడు."

"మా అబ్బాయికి ఇంకా తెలీదులే, బావమరిది వచ్చినట్టు. ఇంటికొచ్చిన కోడలి తమ్ముణ్ని కోసి నా వెంట పంపితే, మా వాంగ్ ఇంటివాళ్ళని ఊళ్ళో ఎవరన్నా గుమ్మం తొక్కనిస్తారా? నువ్వైతే పిల్లనిస్తావా మా ఇంటికి?"

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. దారిలో దో వాళ్ళకు అడ్డం పడి, "ఏం, ఇంతదూరం ఎక్కొచ్చి ఒట్టి చేతులతో పోతున్నారా?" అంది. ఇవాళ దో నోరు మళ్ళీ తెరుచుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం ఎడమ పక్కకి తిప్పాం. జావ గుటక వేశాడు. ఆరు గుటకలు.

జనవరి 12

డాక్టరు చెప్పిన గడువు దాటిపోయింది. లేవలేదు. జావ తాగాడు.

జనవరి 13

నెమరు వేశాడు!

జనవరి 14

లేచాడు. నేను గడ్డి మోపు దించుతున్నాను. ముందు మోకాళ్ళ మీద, తర్వాత వెనక కాళ్ళు, వణుకుతూ వణుకుతూ నిలబడ్డాడు. కుక్క పిచ్చిపట్టినట్టు చుట్టూ తిరిగింది. "అత్తా!" అని కేక పెట్టాను. "ఏం మునిగిపోయిందే?" అని లోపల్నుంచి అరిచింది. చెప్పాను. లోపలికి వెళ్ళి చూస్తే పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. పొగకి, అంది.

జనవరి 16

మా ఆయన ఫోన్. అత్తే తీసుకుంది. నేను జావ కలుపుతూ విన్నాను.

"అమ్మా, బాబాయ్ అంతా చెప్పాడు. నిజమేనా?"

"నిజమే."

"మరి నాన్న?" అన్నాడు.

అత్త కర్రతో నిప్పులు కదిపింది.

"మీ నాన్నకి అలవాటైపోయుంటదిరా, ఇరవై ఏళ్ళ నుంచీ లాగుతున్నాడు. ఆయన లాగితే, నేను వెళ్ళి వెనక మేడి పట్టుకుంటాలే. ఇక్కడ మాత్రం అట్లా కాక ఎట్లా దున్నాం, ఎద్దు లేని ఏళ్ళు?"

ఫోన్ నాకిచ్చేసింది. అతను ఏడుస్తున్నాడు. "కట్టెలున్నాయిలే" అన్నాను.

ఫిబ్రవరి 12

వచ్చాడు. సంచిలో అమ్మకు ఉన్ని దుప్పటి, నాకు చేతి తొడుగులు, అమ్మాయికి పెన్నులు. మూట దించి నేరుగా కొట్టంలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళి గుమ్మంలో ఆగాను. చాలాసేపు మూపురం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కొమ్ముల మీది దారాలు మాసిపోయి ఉన్నాయి, వాటిని తడిమి చూశాడు.

"ఏం బావమరిదీ," అన్నాడు, "వచ్చినవాడివి వచ్చినట్టే ఉండిపోయావే?"

నేను వచ్చినట్టు అతను చూడలేదు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

మార్చి 3

ఎండ కాసింది. మూడు నెలల తర్వాత పూర్తిగా ఒక రోజంతా. కోళ్ళు గోడ మీదెక్కాయి. తమ్ముడు బయట రాతిగోడ పక్కన ఎండలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. కుక్క వాడి నీడలో.

అత్త నారబట్ట ఉతికాను. ఇది మూడోసారి. బూడిద నీళ్ళలో నానబెట్టి, రాయి మీద బాది, ఆరేసి, మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే అదే వాసన. పేడ, జావ, వెచ్చటి ఒళ్ళు. పోదు. అత్తకు మొహం ఎలా చూపించనా అని నాలుగోసారి నీళ్ళలో ముంచబోయాను.

అత్త ఎండలో పీట మీద కూర్చుని ఉంది. ఈ మధ్య దగ్గు తగ్గలేదు, బాగా చిక్కింది.

"ఎన్నిసార్లు ఉతుకుతావే దాన్ని? చిరిగిపోద్ది."

"వాసన పోవట్లేదత్తా. ఎద్దు వాసన."

"ఇటు తే."

ఇచ్చాను. తడి బట్టలో మొహం పెట్టుకుని గట్టిగా పీల్చింది. మళ్ళీ ఒకసారి పీల్చింది.

"ఉండనీ," అంది. "ఎద్దేదే, ఉత్త చేతులతో వచ్చావేంటని ఆయన అడుగుతాడు కదా. ఇది చూపిస్తా. మనకో ఎద్దుంది, కొట్టంలో హాయిగా మేస్తోంది, ఇదిగో వాసన చూసుకో అని చెప్తా."

బట్ట ఆరబెట్టాను. సాయంత్రం మడతపెట్టి పెట్టెలో పెట్టాను. అంచున ఒక ఎర్రటి వెంట్రుక అంటుకుని ఉంది. తియ్యలేదు.